నొప్పి క్యాలెండర్ చూసి రాదు: ఎండోమెట్రియోసిస్‌తో ఉద్యోగం చేసేవారికి

నెలసరి రోజుల్లో ఒకటో రెండో సెలవులిస్తే సరిపోతుందని చాలా ఆఫీసుల్లో అనుకుంటారు. మామూలు నెలసరి నొప్పికి ఆ లెక్క సరిపోతుందేమో గానీ, ఎండోమెట్రియోసిస్ ఉన్న ఉద్యోగినికి సరిపోదు. ఆమెకు నొప్పి వారం ముందే మొదలై, నెలసరి అయిపోయాక కూడా వదలదు. ఒక్కోసారి నెల మధ్యలో, మీటింగులో కూర్చుని ఉండగా పొత్తికడుపు మెలిపెట్టేస్తుంది. మధ్యాహ్నానికే జ్వరం వచ్చి తగ్గినంత నీరసం కమ్ముతుంది. "ఇప్పుడు డేట్ కాదుగా, మళ్లీ ఏమైంది?" అని పక్క సీటు ఆవిడ అడిగితే ఏం చెప్పాలో తెలియదు.

చెప్పడానికి సమాధానం ఉంది. రోగనిరోధక కణాల మీద ముప్పై ఏళ్లకు పైగా సాగుతున్న పరిశోధనలో అది కొద్దికొద్దిగా బయటపడుతోంది. ఉద్యోగ సలహాల్లో ఈ కణాల గోల ఎందుకంటారా? సెలవు చీటీలో ఏం రాయాలి, బాస్‌ని ఏం అడగాలి, గర్భసంచి తీయించేసుకోమని ఎవరైనా అంటే ఎలా ఆలోచించాలి అన్నవి ఆ కణాలు చేసే పని తెలిశాక వేరుగా కనిపిస్తాయి.

కడుపులో జరుగుతున్నది

గర్భాశయం లోపలి పొరను పోలిన కణజాలం గర్భాశయం బయట పెరగడమే ఎండోమెట్రియోసిస్. అండాశయాల మీద, పేగుల మీద, మూత్రాశయం మీద, పొత్తికడుపు లోపలి పొర మీద ఎక్కడైనా అది పెరగవచ్చు. అండాశయంలో పాత రక్తం పేరుకుని తిత్తి కడితే దాన్నే చాక్లెట్ సిస్ట్ అంటారు. మన స్కానింగ్ రిపోర్టుల్లో తరచూ కనిపించే పేరు ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లలో సుమారు 10 శాతం మందికి, అంటే ప్రపంచం మొత్తమ్మీద 19 కోట్ల మందికి ఈ జబ్బు ఉంది.

అమెరికా వైద్యుడు జాన్ శాంప్సన్ 1920లలో దీనికొక వివరణ ఇచ్చారు. నెలసరి రక్తం అంతా బయటికి రాదని, కొంత ఫెలోపియన్ నాళాల గుండా వెనక్కి, కడుపులోకి పోతుందని, దానితో వెళ్లిన కణాలు అక్కడే అతుక్కుని పెరుగుతాయని ఆయన అన్నారు. ఈ వివరణలో ఒక చిక్కుముడి ఉండిపోయింది. రక్తం అలా వెనక్కి పోవడం దాదాపు అందరు ఆడవాళ్లలోనూ జరిగేదే. కొన్ని అధ్యయనాల్లో 90 శాతం మందిలో కనిపించింది. జబ్బు మాత్రం పదిమందిలో ఒకరికే వస్తోంది. అంటే మిగతా తొమ్మిదిమంది కడుపులో ఆ కణాలను ఎప్పటికప్పుడు ఏదో శుభ్రం చేస్తోంది. ఆ పని రోగనిరోధక కణాలది.

వాటిలో సహజ హంతక కణాలనేవి కొన్ని ఉంటాయి. ఉండకూడని చోట కనిపించిన కణాలను చంపడం వాటి పని. ఎండోమెట్రియోసిస్ ఉన్నవారిలో వాటికి ఆ శక్తి తగ్గి ఉందని బెల్జియంలోని లూవెన్ పరిశోధకులు 1991లో చూపించారు. మాక్రోఫేజ్‌ల సంగతి ఇంకా విచిత్రం. చెత్తను మింగేయాల్సిన పెద్ద కణాలివి. ఈ జబ్బులో వాటి సంఖ్య తగ్గకపోగా పెరుగుతుంది. కానీ అవి మింగడం తగ్గించి, గాయం మాన్పే పనిలో పడతాయి. గాయం మానాలంటే కొత్త రక్తనాళాలు రావాలి, నరాల కొసలు పెరగాలి. వాటికి కావలసిన పదార్థాలన్నీ విడుదల చేస్తాయి. నిజానికి అక్కడున్నది గాయం కాదు, పెరగకూడని చోట పెరుగుతున్న కణజాలం. ఆక్రమణ తొలగించమని మున్సిపాలిటీ పంపిన సిబ్బంది ఆక్రమించినవాడికే ఇల్లు కట్టించి, కరెంటు మీటరు కూడా బిగించి వచ్చినట్టుంటుంది వ్యవహారం.

కరెంటు అన్నది ఇక్కడ నరాల సంగతి. బ్రిటన్‌లో ఎరిన్ గ్రీవ్స్ బృందం 2019లో ప్రచురించిన పరిశోధన ప్రకారం ఈ మాక్రోఫేజ్‌లు ఐజీఎఫ్-1 అనే పదార్థాన్ని వదులుతాయి. అది కొత్త నరాల కొసలను పెంచుతుంది, ఉన్న నరాలను మరీ సున్నితం చేస్తుంది. వీటికి తోడు మాస్ట్ కణాలు ఉన్నాయి. అలర్జీలో తుమ్ములు, దద్దుర్లు తెప్పించేవి ఇవే. లోతుగా పాకిన ఎండోమెట్రియోసిస్‌లో నరాలకు ఆనుకుని ఈ మాస్ట్ కణాలు తమలోని హిస్టమిన్ లాంటి వాటిని బయటికి చిమ్ముతూ కనిపించాయని బ్రస్సెల్స్ వైద్యులు 2006లో రాశారు. ఈస్ట్రోజెన్ వీటన్నిటినీ ఎగదోస్తుంది. ఈ కణజాలం తనకు కావలసిన ఈస్ట్రోజెన్‌ను కొంతవరకు తానే తయారు చేసుకుంటుంది. వాపు, నొప్పి తెప్పించే ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు ఆ తయారీని ఇంకా పెంచుతాయి. వాపు వల్ల ఈస్ట్రోజెన్, ఈస్ట్రోజెన్ వల్ల మళ్లీ వాపు.

బోస్టన్ చిల్డ్రన్స్ హాస్పిటల్‌లో మైఖేల్ రోజర్స్ బృందం 2024లో ఈ కథలో ఇంకో మలుపు చూపించింది. నరాలు నొప్పిని మోసుకుపోయి ఊరుకోవడం లేదు. అవి సీజీఆర్‌పీ అనే సంకేత పదార్థాన్ని వదిలి మాక్రోఫేజ్‌ల తీరు మారుస్తున్నాయి. అలా మారిన మాక్రోఫేజ్‌లు ఆ కణజాలం పెరగడానికి సాయపడుతున్నాయి. మైగ్రేన్‌కు వాడే సీజీఆర్‌పీ మందులు ఇచ్చినప్పుడు ఎలుకల్లో నొప్పీ తగ్గింది, గడ్డల పరిమాణమూ తగ్గింది. అది ఎలుకల్లో సంగతి. ఇంట్లో ఉన్న మైగ్రేన్ మాత్రను దీనికి వాడి చూడొద్దు.

ఇదంతా మీ రోజువారీ పనికి ఎలా తగులుతుందో చూడండి. వాపు నెలసరితో మొదలై నెలసరితో ఆగేది కాదు కాబట్టి నొప్పి తేదీలు తప్పుతుంది. ఈ కణాలు వదిలే ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి పదార్థాలు ఫ్లూ వచ్చినప్పుడు ఒళ్లు పడేసేవే కాబట్టి అలసట నిజమైనది, బద్ధకం కాదు. నొప్పి ఎంతన్నది గడ్డ సైజు కన్నా దాని చుట్టూ ఉన్న నరాలు, కణాలు ఎంత రెచ్చి ఉన్నాయన్న దానిమీద ఎక్కువగా ఆధారపడుతుంది. రిపోర్టులో 'స్టేజ్ 1' అని ఉన్న మనిషి మెలికలు తిరిగిపోతుంటే, 'స్టేజ్ 4' ఉన్నావిడకు పిల్లలు పుట్టడం లేదని పరీక్ష చేయించుకునేదాకా ఆ సంగతే తెలియకపోవచ్చు. "స్కాన్‌లో ఏమంత లేదుగా" అన్న మాట మేనేజరు అన్నా, అత్తగారు అన్నా, తొందరపడిన డాక్టరే అన్నా నొప్పి లేదనడానికి రుజువు కాదు.

ఇక్కడో పక్కమాట. కోవిడ్ తర్వాత 'ఇమ్యూనిటీ పెంచుకోవడం' మన ఇళ్లలో మంత్రమైపోయింది. ఈ జబ్బులో రోగనిరోధక శక్తి తగ్గిపోలేదు, దారి తప్పింది. దాన్ని పెంచుతామని అమ్మే పొడులు, డ్రాప్స్, కషాయాలు ఎండోమెట్రియోసిస్‌ను తగ్గిస్తాయనడానికి ఆధారం లేదు. ఆ డబ్బుతో కటి కండరాల సంగతి తెలిసిన ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి కొన్నిసార్లు వెళ్లిరావడం మేలు. ఏళ్ల తరబడి నొప్పిని బిగబట్టిన కండరాలు తామే ఒక కొత్త నొప్పిగా మారతాయి.

సెలవు కన్నా సర్దుబాటు ముఖ్యం

పది దేశాల్లో ఎండోమెట్రియోసిస్ ఉన్న ఆడవాళ్ల పని మీద జరిగిన అధ్యయనం ఒకటి 2011లో వచ్చింది. సగటున వారానికి 10.8 పని గంటలు పోతున్నాయని తేలింది. అందులో ఎక్కువ భాగం సెలవు పెట్టిన గంటలు కావు. సీట్లో కూర్చుని, నొప్పితో, సగం వేగంతో పనిచేసిన గంటలు. అదే అధ్యయనంలో మొదటి లక్షణాలు కనిపించినప్పటి నుంచి జబ్బు నిర్ధారణ అయ్యేసరికి సగటున 6.7 ఏళ్లు పట్టింది.

నా సలహాకు ఆధారం ఈ అంకెలే. మీకు పోతున్నది ప్రధానంగా హాజరు కాదు, వేగం. అందుకే ఎక్కువ సెలవుల కోసం కాకుండా, పని వేళల్లో, పనిచేసే చోటులో సర్దుబాటు కోసం అడగండి. సెలవులు అయిపోతాయి. సర్దుబాటు కుదిరితే ఏళ్ల తరబడి పనికొస్తుంది.

అడగడానికి ముందు ఒక డైరీ రాయండి. మూడు నెలలు చాలు. ఫోన్లో నోట్స్ అయినా సరే. రోజూ నొప్పికి సున్నా నుంచి పది దాకా ఒక అంకె వేయండి, ఎక్కడ వచ్చిందో రాయండి. మలవిసర్జనలో, మూత్రంలో, కలయికలో నొప్పి ఉంటే దాచకుండా రాయండి. జబ్బు ఎక్కడ ఉందో డాక్టరు ఊహించడానికి అదే ఆధారం. వేసుకున్న మాత్ర, వేసుకున్న టైము రాయండి. పెద్దగా ఎవరూ రాయనిది ఇంకొకటి రాయండి: ఆ రోజు ఏ గంట నుంచి ఏ గంట వరకు పని సాగింది, ఎక్కడ ఆగింది. మూడు నెలల తర్వాత చూస్తే మీకే ఒక తీరు కనబడుతుంది. కొందరికి పొద్దుట పూట కష్టం, కొందరికి భోజనం తర్వాత. కొందరికి గంటల తరబడి కూర్చుంటే వస్తుంది, ఇంకొందరికి నిలబడితే. బాస్‌కి చూపించాల్సింది ఆ తీరునే. నొప్పి వర్ణన మాత్రం డాక్టరు దగ్గరికి.

జబ్బు పేరు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. మన ఆఫీసుల్లో హెచ్ఆర్‌కి చెప్పిన మాట సాయంత్రానికి పాంట్రీ దాకా వెళ్తుంది. పెళ్లికాని అమ్మాయిలకు ఇంకో భయం ఉంటుంది. పక్క టీములో సొంత ఊరివాళ్లో, చుట్టాల చుట్టాలో ఉంటారు. 'పిల్లలు పుట్టడం కష్టమట' అన్న మాట ఊళ్లో సంబంధాల దాకా పోతుంది. ఆ భయం ఉత్తదేమీ కాదు. పేరు లేకుండా కూడా నిజమే చెప్పవచ్చు. డాక్టర్ని అడిగితే సర్టిఫికెట్‌లో 'దీర్ఘకాలిక వాపుకు సంబంధించిన సమస్య' అని రాసి, అవసరమైన సర్దుబాటును కింద రాస్తారు. మెయిల్ ఇలా ఉండవచ్చు:

"సార్, నాకు దీర్ఘకాలిక వాపుకు సంబంధించిన ఆరోగ్య సమస్య ఉంది, చికిత్స తీసుకుంటున్నాను. గత మూడు నెలలు గమనిస్తే నెలకు ఐదారు రోజులు ఉదయం పూట నా పని నెమ్మదిస్తోంది, మధ్యాహ్నం నుంచి మామూలుగా చేయగలుగుతున్నాను. ఆ రోజుల్లో ఇంటి నుంచి పనిచేయడానికి గానీ, 12కి లాగిన్ అయి రాత్రి 8 దాకా చేయడానికి గానీ వీలిస్తే డెలివరీ తేదీలు తప్పకుండా చూసుకుంటాను. మూడు నెలలు ఇలా చేసి, నా పని చూసి మీరే నిర్ణయించండి. డాక్టర్ సర్టిఫికెట్ జతచేశాను. ఈ వివరాలు మీ దగ్గరే ఉంచమని మనవి."

ఇందులో క్షమాపణ ఎక్కడా లేదు, గమనించారా? గడువు ఉంది, కొలత ఉంది. 'మూడు నెలలు చేసి చూద్దాం' అంటే ఒప్పుకునే మేనేజర్లు 'ఎప్పటికీ ఇలాగే కావాలి' అంటే జంకుతారు. నోటిమాటతో వదిలేయకుండా మెయిల్ పెట్టండి. ఏడాది చివర అప్రైజల్‌లో 'అందుబాటులో ఉండదు' అని ఎవరైనా రాస్తే చూపించడానికి కాగితం ఉండాలి.

అన్ని ఉద్యోగాలూ ల్యాప్‌టాప్ ఉద్యోగాలు కావు

ఇప్పటిదాకా చెప్పింది ఎక్కువగా హైటెక్ సిటీకి సరిపడే మాట. బట్టల షోరూములో పదిగంటలు నిలబడే సేల్స్ అమ్మాయికి వర్క్ ఫ్రమ్ హోమ్ ఎక్కడిది? ఆమె అడగాల్సింది ఒక స్టూలు. షాపుల్లో పనిచేసేవారికి కూర్చునే వీలు కల్పించాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో తమ షాపుల చట్టాలను సవరించాయి. మన దగ్గర చాలా షోరూముల్లో కౌంటర్ వెనక కూర్చుంటే సూపర్‌వైజరు కళ్లెర్రజేస్తాడు. ఒక్కరే అడిగితే ఒక్కరి మీదే కోపం వస్తుంది. నలుగురూ కలిసి స్టాకు రాయడానికో, మడతపెట్టడానికో ఒక స్టూలు కావాలని అడిగితే వచ్చే అవకాశం ఎక్కువ.

బడిపంతులమ్మలది మరో బాధ. టాయిలెట్ బాగోలేదనో, క్లాసు వదిలి వెళ్లలేకో పొద్దుటి నుంచి నీళ్లు తాగరు, మూత్రం ఆపుకుంటారు. మూత్రాశయం, పేగుల దగ్గర ఎండోమెట్రియోసిస్ ఉన్నవారికి అది నొప్పిని రెచ్చగొట్టే పని. టైంటేబుల్ వేసేటప్పుడే వరసగా నాలుగు పీరియడ్లు పడకుండా హెడ్‌మాస్టర్‌ని అడగండి. ప్రభుత్వ బడుల్లోని మహిళా టీచర్లకు మామూలు క్యాజువల్ లీవులకు అదనంగా ఐదు ఉన్నాయి. వాటిని పండగలకు వాడేయకుండా దాచుకోండి.

నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉండి ఈఎస్ఐ కోత పడుతున్నవారికి అనారోగ్య భృతి ఉంది. ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులు చందా కట్టి ఉంటే, ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్ మీద జీతంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. ఒక మెలిక ఉంది. మామూలుగా మొదటి రెండు రోజులకు డబ్బు రాదు. కాబట్టి నెలకో రోజు పని ఆపేసే నొప్పికి ఇది పెద్దగా అక్కరకు రాదు; సర్జరీ తర్వాత కొన్ని వారాల విశ్రాంతికి మాత్రం బాగా పనికొస్తుంది. ఇక నిజామాబాద్, జగిత్యాల ఇళ్లలో వెయ్యి బీడీలకు ఇంత అని చుట్టేవాళ్లకు సెలవన్నదే లేదు. చుట్టని రోజు కూలి లేని రోజు. వాళ్లకు సెలవు చీటీ ఎలా రాయాలో చెప్పడం అన్యాయం. తక్కువ ఖర్చుతో సరైన చికిత్స త్వరగా మొదలుపెట్టడమే వాళ్లకు మిగిలిన దారి.

నెలసరి సెలవు చట్టం మాటేమిటని అడుగుతారు. ప్రభుత్వ ఉద్యోగినులకు నెలకు రెండు రోజులు బిహార్ 1992 నుంచే ఇస్తోంది. నెలకో రోజు జీతంతో సెలవు ఇచ్చే విధానాన్ని ప్రైవేటు సంస్థలకు కూడా వర్తించేలా కర్ణాటక మంత్రివర్గం 2025 అక్టోబరులో ఆమోదించింది. బెంగళూరులో పనిచేస్తున్న తెలుగువాళ్లు తమ హెచ్ఆర్‌ని దీని గురించి అడగాలి. 2024 జులైలో సుప్రీంకోర్టు మాత్రం ఇది విధాన నిర్ణయమని, సెలవు తప్పనిసరి చేస్తే ఆడవాళ్లను ఉద్యోగాల్లోకి తీసుకోవడం తగ్గవచ్చని అంటూ, ఒక నమూనా విధానం ఆలోచించమని కేంద్రానికి చెప్పింది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఎండోమెట్రియోసిస్ లేదు. కాబట్టి మన దగ్గర ఇప్పటికి పనిచేసేవి మీ కంపెనీ పాలసీ, మీరు పెట్టే మెయిల్, మీ బాస్ తీరు.

అమెరికాలో ఉన్నవారికి పరిస్థితి కాస్త నయం. కనీసం 50 మంది పనిచేసే సంస్థలో ఏడాది పనిచేసి, అందులో 1,250 గంటలు నిండినవారు ఎఫ్ఎంఎల్ఏ అనే సెలవు చట్టం కింద ఏడాదికి 12 వారాల జీతం లేని సెలవు అడగవచ్చు. వైద్యపరంగా అవసరమని డాక్టరు రాస్తే దాన్ని గంటలుగా, రోజులుగా విడదీసి వాడుకునే వీలుంది. ఈ విడదీసే వీలు సంగతి తెలియక చాలామంది 12 వారాలూ ఒకేసారి తీసుకోవాలనుకుంటారు.

మందులు, పని వేళలు

ఈ కణాల గొడవ తెలిస్తే మందులు ఎప్పుడు వేసుకోవాలో కూడా అర్థమవుతుంది. మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్ లాంటివి ప్రోస్టాగ్లాండిన్లు తయారు కాకుండా అడ్డుకుంటాయి; అప్పటికే తయారైనవాటిని తీసేయవు. అందుకే నొప్పి పూర్తిగా ముదిరాక వేసుకుంటే అంతగా పనిచేయవు. మీటింగ్ అయ్యాక వేసుకుందామని పళ్లు బిగబట్టుకుని కూర్చోవద్దు. ఏదైనా తిన్న తర్వాత, డాక్టరు చెప్పిన మోతాదులో, నొప్పి మొదలయ్యే సూచన కనిపించగానే వేసుకోవాలి. అల్సరు, కిడ్నీ సమస్య, ఆస్తమా ఉన్నవారు అడగకుండా వేసుకోకూడదు. మెఫెనమిక్ యాసిడ్‌తో అరుదుగా ఒంటి నిండా దద్దుర్లు, జ్వరం, లోపలి అవయవాల మీద ప్రభావంతో తీవ్రమైన అలర్జీ రావచ్చని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023 నవంబరులో హెచ్చరించింది. మెడికల్ షాపులో అడిగితే చేతిలో పెట్టే మాత్రల్లో దీనితోపాటు కండరాలు పట్టు వదిలే డైసైక్లోమిన్ కూడా తరచుగా కలిసి ఉంటుంది. దాంతో మగత, చూపు మసకబారడం రావచ్చు. వేసుకుని వెంటనే స్కూటీ ఎక్కకండి, మెషీన్ ముందు నిలబడకండి.

డైనోజెస్ట్, గర్భనిరోధక మాత్రలు, హార్మోన్ లూప్ లాంటివి రెచ్చిన కణాలకు అందే ఈస్ట్రోజెన్ ఊతాన్ని తగ్గించి, నెలసరిని పలచన చేస్తాయి, లేదా ఆపుతాయి. మొదటి రెండు మూడు నెలల్లో అకాల రక్తస్రావం, మనసు బాగోకపోవడం ఉండవచ్చు. కాబట్టి ఆడిట్ నెలలోనో, పరీక్షల ముందో మొదలుపెట్టకుండా చూసుకోండి. కొందరికి నరాల నొప్పి మందులు కూడా రాస్తారు. లాపరోస్కోపీలో, అంటే చిన్న కోతతో కెమెరా పెట్టి కడుపు లోపల చూసినప్పుడు, కారణమేదీ కనబడని పొత్తికడుపు నొప్పికి గాబాపెంటిన్ పనిచేస్తుందా అని బ్రిటన్‌లో చేసిన పెద్ద ట్రయల్ 2020లో వచ్చింది. మందు లేని ఉత్తి మాత్ర కన్నా అది మెరుగు కాలేదు, మత్తు, తల తిరగడం మాత్రం ఎక్కువయ్యాయి. అలాంటి మందు రాసిచ్చినప్పుడు ఎందుకు, ఎన్నాళ్లు అని అడగడం మీ హక్కు.

డాక్టరు దగ్గర ఇంకో మాట. లాపరోస్కోపీ చేస్తేనే నిర్ధారణ అన్న పాత నియమాన్ని యూరప్ వైద్యుల సంఘం 2022 మార్గదర్శకాల్లో సడలించింది. లక్షణాలు, స్కాన్ చూసి చికిత్స మొదలుపెట్టవచ్చు. పెళ్లికాని అమ్మాయిలకు మన దగ్గర పొట్ట మీద నుంచే స్కాన్ చేసి 'నార్మల్' అని రాసేస్తారు. దానిలో చాలా గడ్డలు కనిపించవు. అవసరమైతే ఎంఆర్ఐ అడగండి. పెళ్లయితే పోతుంది, ఒక కాన్పయితే పోతుంది అనేవి చికిత్సలు కావు. గర్భంతో ఉన్నప్పుడు లక్షణాలు తగ్గవచ్చు గానీ జబ్బు పోదు. కీళ్ల వాపో, థైరాయిడ్ సమస్యో ఉంటే అదీ చెప్పండి. ఎండోమెట్రియోసిస్ ఉన్నవారిలో రుమటాయిడ్ ఆర్థరైటిస్ లాంటి స్వయంప్రతిరక్షక జబ్బులు కొంత ఎక్కువగా కనిపిస్తున్నాయని ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2025లో చూపించారు.

ఉద్యోగం మారే ముందు ఇన్సూరెన్సు చూసుకోండి. విడిగా కొనే ఆరోగ్య పాలసీల్లో ఎండోమెట్రియోసిస్‌కు సాధారణంగా రెండేళ్ల దాకా నిరీక్షణ కాలం ఉంటుంది. కంపెనీల గ్రూప్ పాలసీల్లో చాలాసార్లు ఉండదు. సర్జరీ అవసరమని తేలితే రాజీనామా ముందా తర్వాతా అన్నది లక్షల తేడా. కంపెనీ వదిలేటప్పుడు గ్రూప్ పాలసీ నుంచి అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారే వీలుందేమో చివరి రోజు కన్నా ముందే అడగండి. ఇంటర్వ్యూలో జబ్బు సంగతి చెప్పనక్కర్లేదు, బీమా ఫారంలో మాత్రం దాచకండి.

గర్భసంచి తీసేస్తే పోతుందా?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉద్యోగినులు ఈ ప్రశ్నను తప్పించుకోలేరు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో అన్నిటికన్నా పైనున్న అంకెలివి. "నొప్పి భరించలేకపోతున్నా, సెలవులు అయిపోయాయి, తీసేయించుకుంటే ఒక్కసారితో పోతుంది కదా" అన్న లెక్క వీటిలో కొన్నింటి వెనకైనా ఉంటుంది.

ఎండోమెట్రియోసిస్‌లో ఆ లెక్క తప్పుతుంది. జబ్బున్నది గర్భాశయం బయట. గర్భసంచి తీసేసి, పేగుల మీద, లోపలి పొర మీద ఉన్న గడ్డలను అలాగే వదిలేస్తే, వాటి చుట్టూ ఉన్న మాక్రోఫేజ్‌లూ మాస్ట్ కణాలూ నరాలూ అక్కడే ఉంటాయి. అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ తగ్గుతుంది నిజమే. కానీ నలభై ఏళ్లు నిండని మనిషికి ఎముకలు, గుండె మూల్యం చెల్లిస్తాయి. ఏళ్ల తరబడి సున్నితమైన నరాలు, వెన్నుపాము ఆపరేషన్ మర్నాడే శాంతించవు. గడ్డలను తీసే లాపరోస్కోపీ తర్వాత కూడా ఐదేళ్లలో 40 నుంచి 50 శాతం మందికి జబ్బు తిరిగి రావచ్చని ఒక సమీక్ష అంచనా. అందుకే సర్జరీ తర్వాత హార్మోన్ మందులు కొనసాగించమంటారు. గర్భాశయ గోడలోనే జబ్బున్న అడినోమయోసిస్ తోడైనప్పుడు, పిల్లలు ఇక వద్దనుకున్నప్పుడు, మిగతా చికిత్సలన్నీ చూశాక గర్భసంచి తీయడం సరైన నిర్ణయం కావచ్చు. ఒప్పుకునే ముందు సర్జన్‌ని మూడు ప్రశ్నలు అడగండి: బయట ఉన్న గడ్డలు కూడా తీస్తారా, అండాశయాలు ఉంచుతారా, తర్వాత నొప్పి రాకుండా ఏం చేస్తారు? సమాధానం సూటిగా రాకపోతే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఉన్నట్టుండి భరించలేని నొప్పి, జ్వరం, వాంతులు వస్తే మాత్రం ఇవేవీ ఆలోచించకుండా ఆస్పత్రికి.

ఆఖరుగా, ప్రభుత్వ ఉద్యోగినుల సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2011లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం గర్భసంచి తీయించుకున్న ఉద్యోగినికి 45 రోజుల ప్రత్యేక క్యాజువల్ లీవు వస్తుంది. మంచిదే. కానీ గర్భసంచిని కాపాడుకుంటూ గడ్డలు మాత్రమే తీయించుకున్న ఉద్యోగిని ఆ ఉత్తర్వులోకి రాదు. ఆమె తన అర్ధజీతపు సెలవులను కమ్యూట్ చేసుకోవాల్సిందే. అవయవం పోగొట్టుకుంటే సెలవు, కాపాడుకుంటే కోత. రెండు రాష్ట్రాల ఉద్యోగ, ఉపాధ్యాయ సంఘాలు వచ్చే వేతన సవరణ (పీఆర్సీ) చర్చల్లో తమ కోర్కెల జాబితాలో ఎండోమెట్రియోసిస్ సర్జరీకి కూడా ఈ ప్రత్యేక సెలవును చేర్చాలి. మీ సంఘం ప్రతినిధికి ఈ నెలలోనే ఒక వినతిపత్రం ఇవ్వండి.